గోల్‌కీపర్ ఒప్పుకున్న తప్పు

దివాకర్ మూడోసారి తొక్కినా హాకీ కర్ర విరగలేదు. బట్టలుతికే బండ మీద దాన్ని ఏటవాలుగా ఆనించి, ఈసారి రెండు కాళ్ళతో ఎగిరి దూకాడు. ఫట్‌మని రెండు ముక్కలైంది. ఒక ముక్క గిరగిరా తిరుగుతూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డ చెల్లెలు అఖిల కాలికి తగిలింది.

అఖిల వెనక్కి జరగలేదు. ఎడమ కనుబొమ్మ అప్పటికే చిట్లి రక్తం మెడ దాకా కారింది. అన్న కొట్టిన మొదటి దెబ్బ అది. అతని వేలి ఉంగరం అక్కడ లోతుగా దిగింది.

"ఇంకెన్నున్నయ్?"

"లోపట ఉన్నయ్."

"తే."

"నా చేతుల్తోని నేను తెచ్చియ్య అన్నా. ఇరగ్గొట్టేటోనివి నువ్వే తెచ్చుకో."

రెండో దెబ్బ దవడ మీద పడింది. తల వెళ్ళి తలుపు చెక్కకు కొట్టుకుంది. అఖిల తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"చాలు తియ్ కొడుకా," అంది అరుగు మీద కూర్చున్న తల్లి రాజవ్వ. "వాడకట్టంత సూస్తున్నది."

"సూడనియ్యే అవ్వా. నా బిడ్డ నోరు సూసినోళ్ళు గిది గూడ సూడనియ్."

దివాకర్ దోహా నుంచి మొన్ననే సెలవు మీద దిగాడు. కోరుట్ల బస్టాండు నుంచి ఆటోలో వస్తూ కూతురు పూజకు తెచ్చిన గౌను పెట్టెలోంచి ముందే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పదేళ్ళ పూజ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి "బాపూ" అని నోరు తెరిచింది. పై పెదవి ఉబ్బి ఉంది. ముందుపళ్ళు రెండూ సగానికి విరిగి ఉన్నాయి.

ఎట్లయిందని అతను అడిగితే ఇంట్లో అందరికంటే ముందు అఖిలే నోరు తెరిచింది.

"నా దగ్గర ఆడుతుంటే అయింది అన్నా. మిగిలిన పోరలు పోయినంక దీన్నొక్కదాన్నే కొంచెం సేపు ఆడిచ్చిన. హెల్మెట్ తీసేసి ఉండె. బాల్ అచ్చి మూతికి తాకింది. తప్పు నాదే."

పూజ తల దించుకుంది. దివాకర్ భార్య అమృత లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట సాయంత్రానికల్లా వాడకట్టంతా పాకింది.

ఇప్పుడు దివాకర్ మోటార్ సైకిల్ స్టాండు తీసి, సీసా ఒకటి చేతిలో పట్టుకున్నాడు.

"పెట్రోలు తెస్త. కర్రలు, బూట్లు, నీ పెద్ద సంచి, అన్ని గీ వాకిట్లనే కాలాలె. అడ్డమచ్చినవనుకో, నిన్ను గూడ అండ్లనే ఏస్త."

* * *

బండి చప్పుడు మలుపు తిరిగిందో లేదో మల్లక్క గేటు తోసుకుని వచ్చింది. రెండిళ్ళ అవతల ఉంటుంది, బీడీలు చేస్తుంది. ఆమె చేతిలో కూతురు సృజన స్కేట్లు, మోకాలి తొడుగులు ఉన్నాయి. సృజన కొంగు పట్టుకుని ఏడుస్తూ వెనకే వచ్చింది.

"ఇగో నీ సామాను," అంటూ మల్లక్క వాటిని వాకిట్లోకి విసిరేసింది. "నా బిడ్డ ఇంక రాదు."

"మల్లక్కా, ఆదివారం హైదరాబాద్ పోవాలె గదా. పోరలు మొదటిసారి మంచు మీద కాలు పెడ్తరు. సృజన అందరికంటె మంచిగ—"

"మొకానికి ఇనుప జాలి లేంది ఒక్క పిల్లను గూడ దిగనియ్య అని నా ఇంట్ల కూసోని చెప్పినవ్. నీ మేనకోడలికే పెట్టకపోతివి. నా బిడ్డకు పెడ్తవా?"



"అవ్వా," అంది సృజన వెక్కుతూ, "పూజ ఆ రోజు నాతోనే ఇంటికచ్చింది. అప్పుడు దాని పండ్లు మంచిగనే ఉండె. ఒట్టు."

మల్లక్క వెనక్కి తిరిగి దాని వీపు మీద ఒక్కటిచ్చింది. "నోరు మూయ్. ఆమెనే ఒప్పుకుంటుంటె నడుమ నీదేంది?"

అప్పుడు చూసింది ఆమె అఖిల మొహాన్ని. రక్తం ఇంకా ఆగలేదు. మల్లక్క గొంతు కొంచెం తగ్గింది.

"తల్లులమందరం మాట్లాడుకున్నం అఖిలా. ఎవ్వలం పంపియ్యం. నీ మీద పగేం లేదు. ఆడపిల్లల మొకాలు గవి. రేపు ఎవలు జవాబు చెప్తరు?"

ఆమె పిల్లను లాక్కుని వెళ్ళిపోయింది. అఖిల వంగి స్కేట్లు ఏరుకుంది. ఒకదాని చక్రం ఇంకా తిరుగుతోంది.

అఖిల పంతొమ్మిదో ఏట మొదటిసారి మంచు మీద కాలు పెట్టింది. డెహ్రాడూన్ ఐస్ హాకీ శిబిరంలో లద్దాఖ్ అమ్మాయిలు బూట్లు బిగించుకుంటుంటేనే ఆమెకు తేడా అర్థమైంది. వాళ్ళు గడ్డకట్టిన నీళ్ళ మీద పసితనం నుంచి తిరిగినవాళ్ళు. రాష్ట్రం తరఫున గోల్‌లో నిలబడ్డ ప్రతి ఆటలోనూ నల్లటి రబ్బరు బిళ్ళ ఆమెను దాటి వలలోకి వెళ్తూనే ఉండేది. ఒళ్ళంతా కమిలిపోయి తిరుగు రైలెక్కినప్పుడు ఒకటే అనుకుంది. మన పిల్లలకూ చిన్నప్పుడే మొదలవ్వాలి.

కోరుట్లలో మంచు లేదు. పాత బీడీ ఆకుల గోదాములో నున్నటి గచ్చు ఉంది. దాని యజమాని ఇందిరమ్మ అడగ్గానే తాళం ఇచ్చింది. చక్రాల స్కేట్లు, బిళ్ళ బదులు బంతి. మొదట్లో అఖిల పిల్లలకు పడడం ఒక్కటే నేర్పింది. మోకాళ్ళ మీద పడండి, చేతులు ముడుచుకుని పడండి, పడ్డవాళ్ళు ఏడవకముందే లేవండి అని. బడి అయిపోగానే ఆరుగురు ఆడపిల్లలు గోదాములో పడి లేస్తుంటే ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో చిన్న మంచు మైదానం ఉంది. ఆదివారం పొద్దున అక్కడ ఒక గంట దొరికింది. బాగా నిలదొక్కుకున్న పిల్లలను పెద్ద శిబిరానికి పిలుస్తామని డెహ్రాడూన్ వాళ్ళు అన్నారు.

ఇప్పుడు ఆ ఆరుగురిలో ఒక్కరూ లేరు.

* * *

వంటింట్లో అమృత తడిగుడ్డతో అఖిల కనుబొమ్మ తుడిచి పసుపు అద్దింది. 

"సృజన అన్న మాట ఇన్నవా వదినె?"

"ఇన్న."

అమృత గుడ్డను మళ్ళీ గిన్నెలో ముంచింది.

దివాకర్ వచ్చే ముందు రోజు అమృత పూజను పిలిచి, స్కేట్లు దాచెయ్యి, ఆట మానేసిన అని మీ బాపుతో చెప్పు అంది. పూజ మొండికేసింది. నేను గోల్‌ల నిలబడ్త అని బాపుకు చెప్త, ఆయన సంబరపడ్తడు అంది. అదే మాట ఒకసారి అంది, రెండుసార్లు అంది. అమృత చేతిలో నీళ్ళ చెంబు ఉంది. దాన్ని ఎప్పుడు ఎత్తిందో, ఎప్పుడు విసిరిందో ఆమెకే తెలియదు. అఖిల లోపలికి వచ్చేసరికి పూజ నోటినిండా రక్తం. అమృత నేల మీద కూర్చుని, పంటి ముక్కలు అరచేతిలో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"నేనే చెప్త అఖిలా."

"చెప్తె నిన్ను సంపుతడు."

అది ఊరికే అన్న మాట కాదు. పోయిన సెలవుకు వచ్చినప్పుడు, ఎప్పుడో పొలంలో ఉండి ఫోన్ ఎత్తలేదన్న మాట మీద మొదలైన గొడవలో దివాకర్ ఆమెను కిందపడేసి తన్నాడు. ఎల్లారెడ్డిపేట నుంచి పుట్టింటివాళ్ళు వచ్చి సిరిసిల్ల తీసుకువెళ్ళి ఎక్స్‌రే ఫోటో తీయిస్తే పక్కటెముకలు రెండు విరిగాయని తేలింది. ఆమె చాలా రోజులు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది.

"నువ్వు తన్నులు తినుడు సూసుకుంట నేను గీ ఇంట్ల బువ్వెట్ల తినాలె?"

"నాకు దెబ్బలు అలవాటే వదినె. గోల్‌ల నిలబడ్డదాన్ని."

"ఆడ నీ మీదికచ్చేది బిళ్ళ. గీడ అచ్చేది మీ అన్న." అమృత గుడ్డ పిండింది. గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి. "పొద్దుగాల పెరుగన్నం మెత్తగ పిసికి పిల్లకు ఆయనే తినిపిచ్చిండు. నమలకు బిడ్డా, మింగు అనుకుంట. ఆయన కండ్లల్ల నీళ్ళు. నేను సూడలేకపోయిన. గా మనిషేనా గీ మనిషి?"

గుమ్మం దగ్గర అలికిడైంది. రాజవ్వ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఆమె కోడలిని చూసింది, కూతురిని చూసింది, నేల మీద ఎర్రనీళ్ళ గిన్నెను చూసింది.

"అవ్వా..." అంది అఖిల.

"నాకేం ఇనరాలే," అంది రాజవ్వ. "మీరేం అనలే, నేనేం ఇనలే. వాడు సెలవైపోంగనే పోతడు. గప్పటిదాంక నోరు మూసుకోని ఉండుండ్రి."

వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది.

* * *

పెట్రోలు సీసా చేత్తో పట్టుకుని దివాకర్ నేరుగా అఖిల గది వైపు నడిచాడు. తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టి ఉంది.

"ఎవలు లోపట?"

అతను కాలితో తన్నాడు. రెండో తన్నుకు గొళ్ళెం ఊడి పడింది.

గది మధ్యలో పూజ నిలబడి ఉంది. మేనత్త గోల్‌కీపర్ హెల్మెట్‌ను తన తల మీద పెట్టుకుంది. జాలి వెనక కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఛాతీ కవచం ఆమె మోకాళ్ళ దాకా వేలాడుతోంది. వెనక గోడకు ఆనించి కర్రలూ, పెద్ద సంచీ ఉన్నాయి.

"గదేంది? తియ్."

పూజ తల అడ్డంగా ఊపింది. వదులుగా ఉన్న హెల్మెట్ తల తిరిగాక తిరిగింది.

"తియ్ అన్ననా?"

"తియ్య. నువ్వు కొడ్తవ్ గదా బాపూ, గందుకే ఏసుకున్న." విరిగిన పళ్ళ సందులోంచి మాటలు గాలి ఊదినట్టు వచ్చాయి.

దివాకర్ అక్కడే ఆగిపోయాడు. "నిన్ను నేనెన్నడన్న కొట్టిన్నా బిడ్డా?"

"నన్ను కొట్టలే. అవ్వను కొడ్తవ్. అత్తను కొట్టినవ్. నా వంతు గూడ అస్తది గదా."

అతని చేతిలో సీసా కిందికి దిగింది.  ఆ క్షణంలో అతను వెనుదిరిగి వెళ్ళిపోతాడనే అనుకుంది అతని వెనకే వచ్చిన అఖిల.

"దాని పండ్లు ఇరగ్గొట్టింది నేను," అంది అమృత.

ఆమె వసారాలో మెట్ల పక్కన నిలబడి ఉంది. గొంతు మామూలుగానే ఉంది. "చెంబుతోని కొట్టిన. నీ భయానికి కొట్టిన. ఆట మానేసిన అని నీకు చెప్పుమన్న, చెప్ప అన్నది. అఖిల నన్ను కాపాడుదామని మీదేసుకున్నది. గోదాంల ఏం కాలే."

దివాకర్ పెట్రోలు సీసాను కిటికీలో నెమ్మదిగా పెట్టాడు, ఒలకకుండా. గోడకు ఆనించి ఉన్న కర్రల్లో ఒకటి తీశాడు. పూజ అతని చొక్కా పట్టుకుంది. విదిలించుకున్నాడు. రెండంగల్లో వసారాలోకి వచ్చి కర్రను తలపైకి ఎత్తాడు.

అమృత పరుగెత్తలేదు. కళ్ళు మూసుకుంది.

దెబ్బ ఆమె మీద పడలేదు. మధ్యలోకి దూరిన అఖిల కుడి చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ముంజేయి మధ్యలో వంగకూడని చోట వంగింది. అఖిల అరవలేదు. గోడకు జారి అలాగే కూర్చుండిపోయింది.

"జరుగు," అన్నాడు దివాకర్. అతని ఊపిరి బుసలు కొడుతోంది. "జరుగు అఖిలా, దాన్ని గీ పొద్దు—"

కర్ర మళ్ళీ లేచింది.

గదిలోంచి పూజ భుజం దించి పరుగెత్తుకొచ్చింది. హెల్మెట్‌తో సహా తండ్రి మోకాళ్ళ మీద పడింది. దివాకర్ వసారా అంచున నిలబడి ఉన్నాడు. వెనక్కి వేసిన కాలికి నేల దొరకలేదు. మెట్ల మీదుగా పడ్డాడు. పడ్డ కాలు ఒంటి కింద మడతపడింది.

"అవ్వా!" అని అతను పెట్టిన కేక వాడకట్టంతా వినిపించింది.

రాజవ్వ పరుగెత్తుకొచ్చి కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. మోకాలి కింద ఎముక తోలును పొడుచుకుని తెల్లగా బయటికొచ్చింది. పూజ వసారా అంచున నిలబడి చూస్తోంది. హెల్మెట్ లోపలి నుంచి ఆమె ఊపిరి చప్పుడు వినిపిస్తోంది.

"అవ్వా," అంది తల్లితో, "బాపు లేస్తడా?"

* * *

వాడకట్టులోని ఏసయ్య ఆటోలో అందరూ ఒకేసారి జగిత్యాలకు వెళ్ళారు. వెనక సీట్లో దివాకర్ తల రాజవ్వ ఒళ్ళో, విరిగిన కాలు అమృత ఒళ్ళో. అతనికి ఒళ్ళంతా చెమటలు పోస్తున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా అమృత ఆ కాలిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. ముందు ఏసయ్య పక్కన అఖిల, చున్నీతో కట్టిన చెయ్యి కడుపుకు హత్తుకుని కూర్చుంది. పూజ కింద కూర్చుంది. ఛాతీ కవచం ముడులు విప్పే తీరిక ఎవరికీ దొరకలేదు.

దోవలో దివాకర్ ఒక్కసారి కళ్ళు తెరిచి అమృత చేతుల వైపు చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

ఆసుపత్రిలో ఇద్దరినీ ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. కట్లు కట్టేలోపు అఖిల ఎడమ చేత్తో వదినను దగ్గరికి పిలిచింది.

"ఆదివారం గంట మనదే వదినె. పోరలను ఎవలన్న తీస్కపోవాలె."

"ఎవలస్తరు? మల్లక్క చెప్పిపాయె గదా."

"నిజం తెలుస్తె అస్తరు. నా దగ్గర పండ్లు ఇరిగినయన్నంత కాలం ఎవ్వలు రారు. గీ ఏడాదే గాదు, ఎన్నడు రారు." అఖిల పళ్ళు బిగబట్టి నొప్పిని మింగింది. "తప్పు నాదని చెప్పినప్పుడు గిది నాకు తట్టలే."

అప్పుడే పోలీసు ఔట్‌పోస్టు నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. ఒకే ఇంట్లో రెండు ఎముకలు విరిగితే రాసుకోవాలి అన్నాడు.

"నేను జారి పడ్డ సార్," అన్నాడు దివాకర్ అడక్కముందే. "మెట్ల మీద."

"చెల్లె చెయ్యి?"

దివాకర్ గోడ వైపు తిరిగాడు.

"నేనే నూకిన," అంది పూజ. గుమ్మంలో నిలబడి ఉంది, కవచంతోనే. "బాపును నేనే నూకిన."

"పిల్లకు తెల్వదు సార్," అన్నాడు దివాకర్ గోడ వైపు చూస్తూనే. "ఏందో అంటది. నేనే జారిన. గట్లనే రాసుకోండ్రి."

అమృత భర్త వైపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఇంకొకరి తప్పు తన మీద వేసుకోవడం ఆమె చూడలేదు. ప్రేమతో అన్నాడో, పదేళ్ళ పిల్ల పడేసిందని చెప్పుకోలేక అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగితే మళ్ళీ నోరు పెగలదని మాత్రం తెలుసు.

"కాలు సంగతి ఆయన చెప్పినట్టే రాయండ్రి సార్," అంది. "మిగిలింది నేను చెప్త."

చెప్పింది. చెంబు సంగతి చెప్పింది. అఖిల కనుబొమ్మ, దవడ, చెయ్యి చెప్పింది. సిరిసిల్లలో తీయించిన ఎక్స్‌రే సంగతి చెప్పింది. మధ్యలో ఎక్కడా ఏడవలేదు. కానిస్టేబుల్ రాయడం ఆపి రెండుసార్లు ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మా, గిది రాస్తె కేసయితది. ఆయన సెలవు, విమానం అన్ని ఆగుతయ్. నీ మీద గూడ పడ్తది, పిల్లను కొట్టినందుకు. తెల్సా?"

"తెల్సు."

"ఇగో, గీడ సంతకం."

అమృత పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించింది.

రాజవ్వ లేచి వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. కోడలి వేళ్ళకు కొడుకు రక్తం ఇంకా అంటుకుని ఉంది.

"వాడు నా కొడుకు అమృతా," అంది చాలా మెల్లగా.

"నీ బిడ్డ గూడ గీడనే పండుకున్నది అత్తమ్మా."

రాజవ్వ తల తిప్పింది. ఒక మంచం మీద దివాకర్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. రెండో మంచం మీద నుంచి అఖిల తల్లినే చూస్తోంది. ఏమీ అడగలేదు. ఈ ఇంట్లో ఎన్నడూ ఏమీ అడగలేదు.

అమృత కాగితం మీది నుంచి పెన్ను తీయలేదు. రాజవ్వ పట్టు వదల్లేదు.